తిట్టే బేరం

ఆ రోజుల్లో కట్టెల అడితిలో గొడ్డలి చప్పుడు వినబడితేనే ఆ వీధికి తెల్లవారినట్టు. ఆ చప్పుడుకు ఒక్కొక్క తలుపే తెరుచుకునేది, కాసేపటికి ఇంటింటి పొయ్యిలోంచి పొగ లేచేది. ఆ పొగను చూసి ఎవరింట్లో ఏ కట్టె మండుతోందో అడితి నడిపే అక్క కూర్చున్న చోటు నుంచి కదలకుండా చెప్పేసేది. సన్నగా, నీలంగా లేస్తే ఎండు కట్టె. తెల్లగా, బద్ధకంగా గోడలు పట్టుకుని పాకితే పచ్చి కట్టె. అలా పాకిందంటే అది తన అడితిది కాదని ఆమె ధీమా. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది గానీ, కట్టెలమ్మేవాళ్లను అడిగి చూడండి, నిప్పు సరిగ్గా లేకపోతేనే పొగ వస్తుందంటారు.

అడితి అంటే పెద్ద భవంతేమీ కాదు. వీధి చివర రాళ్ల గోడ కట్టిన ఖాళీ స్థలం, లోపల గాలి ఆడేలా సందులు వదిలి వరసలుగా పేర్చిన కట్టెలు, వాటి మీద రేకుల కప్పు, గుమ్మం పక్కన గొలుసులతో వేలాడే పెద్ద కాటా. కాటా పక్కన చేతులు నున్నగా అరిగిపోయిన కుర్చీ. ఒకప్పుడు అందులో అక్క నాన్న కూర్చునేవాడు, ఆయన పోయాక అక్క కూర్చుంది. ఆడమనిషి అడితి ఏం నడుపుతుందని సణిగినవాళ్లు లేకపోలేదు. కానీ పొయ్యి వెలగాలంటే ఆ సణుగుడు మింగేసి అక్కడికే రావాలి, వచ్చారు. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే అయిపోయింది. దుంగలు చీల్చడం, మోపులు కట్టడం, తోపుడు బండి మీద ఇళ్లకు చేరవెయ్యడం ఆమె భర్త పని. అతను మాటకు ఒక మోపు కట్టె ఖర్చయినట్టు పొదుపుగా మాట్లాడేవాడు. అందుకని మాట్లాడే పని మొత్తం అక్క మీద పడింది.

అదేమైనా తక్కువ పనా. కట్టెలు కొనడానికి వచ్చేవాళ్ల కోరికలు వింటే కట్టెలే సిగ్గుపడాలి. వేలెడు లావున సన్నగా చీల్చి ఇమ్మని ప్రాణం తీసిన ఇల్లాలే వారం తిరక్కుండా వచ్చి, మీ పుల్లలు కాగితాల్లా ఇట్టే కాలిపోతున్నాయి, లావువి ఎందుకివ్వలేదని నిలదీసేది. టీ కొట్టాయన పాలు పొయ్యి మీద పెట్టాక చూసుకునేవాడు కట్టెలు లేవని. అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చి, ఇప్పుడే కావాలక్కా, ఇప్పుడంటే ఇప్పుడే అని కాటా చుట్టూ తిరిగేవాడు. భోజనశాల యజమాని అయితే మోపుల్ని రాత్రంతా పెరట్లో వానకు వదిలేసి, పొద్దున్నే వచ్చి తడి కట్టెలు పంపావని అరిచేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన ఒకమ్మాయి అగ్గిపుల్లతో నేరుగా దుంగనే అంటించబోయి, పెట్టె మొత్తం గీసి గీసి అలిసిపోయి, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఆ పిల్ల వెంట ఇంటికెళ్లి, కింద చితుకులు, పైన సన్న పుల్లలు, ఆ పైన కట్టె పెట్టి, ఊదకుండానే వెలిగించి చూపించింది అక్క. ఎవరికైనా సరే మొదటిసారి కట్టెలు ఇచ్చేముందు వాళ్ల పొయ్యి చూడందే ఇచ్చేది కాదు. పొయ్యి నోటికి మోచెయ్యి ఆనించి కొలత చూసుకునేది, ఆ కొలతకే కట్టె కొట్టించేది. ఊళ్లో మనుషుల మొహాలు మరిచిపోయినా పొయ్యి నోళ్లు మరిచిపోయేది కాదు.

ఫిర్యాదు పట్టుకొచ్చినవాళ్ల దగ్గర ఆమెకో పద్ధతి ఉండేది. ముందు వాళ్ల కోపం పూర్తిగా కాలిపోనివ్వాలి, మధ్యలో కదపకూడదు. అంతా అయ్యాక వాళ్లు తెచ్చిన కట్టెను, మరో కట్టెను తీసుకుని వాళ్ల చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టేది. ఎండినదైతే టంగుమని మోగుతుంది, పచ్చిదైతే మెత్తగా దబ్బుమంటుంది. దబ్బుమంటే మారు మాట్లాడకుండా మోపు మార్చేది. మోగితే మాత్రం దేవుడు దిగొచ్చినా మార్చేది కాదు. విన్నారుగా అని ఒక్క మాట అని కుర్చీలో కూర్చునేది. అబద్ధపు ఫిర్యాదుకు ఒకసారి తలొంచితే నిజం ఫిర్యాదుకు విలువుండదని నాన్న నేర్పాడు.

నాన్న నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. చిన్నప్పుడు ఎవరో వచ్చి నోటికొచ్చినట్టు తిట్టిపోతే, ఆ మనిషికి ఇక కట్టెలివ్వొద్దని అక్క ఏడ్చింది. నాన్న నవ్వి ఆమెను కాటా పళ్లెంలో కూర్చోబెట్టి ఊపుతూ చెప్పాడు.

"తిట్టే బేరాన్ని నెత్తిన పెట్టుకోవాలి తల్లీ. రేపు కూడా మన దగ్గరే కొనాలనుకుంటున్నాడు కాబట్టే తిడుతున్నాడు. బాగున్నాయి, బాగున్నాయి అని తలూపి పోయాడనుకో, వాడు వేరే చోటు చూసుకున్నాడని అర్థం."

ఆ లెక్కన రొట్టెల బాబాయ్ అడితికి దొరికిన వరం. పక్క వీధిలో రొట్టెల బట్టీ ఆయనది. గది అంత పెద్ద బట్టీ, లోపల కట్టెలు మండించి గోడలు కాలాక నిప్పులు బయటికి లాగేసి, ఆ వేడి మీద రొట్టెలు కాల్చేవాడు. అడితి కట్టెల్లో సగం ఆ బట్టీ నోట్లోకే పోయేవి. ఆ బేరం పోతే మిగతా ఇళ్ల పొయ్యిలతో అడితి నిలబడదు, ఇది అందరికీ తెలుసు. పొద్దుటి కాల్పు అయ్యాక మోచేతుల దాకా పిండి అలాగే ఉంచుకుని, నేరం చేసిన కట్టెను చంకలో పెట్టుకుని వీధిన పడి వచ్చేవాడు బాబాయ్. ఆ రావడం చూస్తేనే వీధంతా నవ్వుకునేది. ఈ కట్టె వంకర, ఆ కట్టెకు ముడులు, ఇంకోదానికి బెరడు మందం. అన్నిటికంటే ఆయన ముక్కుతోనే చిక్కు. కట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీలిస్తే, ఎన్నాళ్లు ఎండిందో, ఏ వరసలో కింద పడి ఉందో చెప్పేసేవాడు. అక్క కట్టెలు మోగించి చూపించినా, చెవికేం తెలుసు, ముక్కునడుగు అనేవాడు. నాన్న ఉన్నన్నాళ్లు ఆయనతో పోట్లాడాడు, తర్వాత ఆ పోట్లాటను కూడా అడితితో పాటు అక్కకు వదిలి వెళ్లాడు. అన్నేళ్లలో ఆయన నోటి వెంట బాగుందన్న మాట ఒక్కసారి వచ్చిన పాపాన పోలేదు.

నాన్న పోయిన మర్నాడు బాబాయ్ వచ్చాడు. చాలాసేపు ఖాళీ కుర్చీ వంక చూస్తూ నిలబడ్డాడు, కండువాతో కళ్లొత్తుకున్నాడు. అక్క ఏడుస్తూ ఉంది, ఈ అడితి తన చేతిలో నిలుస్తుందా, ఆయన ఇక తమ దగ్గర కొంటాడా అని లోపల ఒకటే దిగులు. బాబాయ్ గుమ్మం దాటబోతూ ఆగాడు. వెనక్కి తిరిగి, మొన్న మీ నాన్న పంపిన మోపులో రెండు కట్టెలు పచ్చివమ్మాయ్ అన్నాడు. ఏడుపు మధ్యలో అక్కకు నవ్వొచ్చేసింది. అంతకంటే పెద్ద ఓదార్పు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఒక చలికాలం బాబాయ్‌కి జ్వరం, జలుబు పట్టుకుని మంచం ఎక్కించాయి. బట్టీ కొన్నాళ్లు మూతబడింది. కోలుకున్నాక మళ్లీ వెలిగించాడు, అక్క బండి పంపింది. ఇక రేపో ఎల్లుండో కట్టె చంకలో పెట్టుకుని దిగుతాడని ఎదురుచూసింది. రాలేదు. ఇంకో బండి వెళ్లింది, అప్పుడూ రాలేదు. ఒకరోజు వీధిలో ఎదురుపడితే ఉండబట్టలేక తనే అడిగింది, కట్టెలెలా ఉన్నాయి బాబాయ్ అని. ఆయన ఎటో చూస్తూ, బాగానే ఉన్నాయమ్మాయ్ అని చెప్పి నడిచి వెళ్లిపోయాడు.

కాటా పళ్లెంలో కూర్చోబెట్టి నాన్న చెప్పిన మాట అక్కకు గుర్తొచ్చింది.

అంతకు కొన్నాళ్ల ముందే వీధి మలుపులో కొత్త అడితి వెలిసింది. వాళ్లకు కరెంటు రంపం ఉంది, రంగులేసిన బోర్డు ఉంది, మీ సంతోషమే మా లాభం అని ఆ బోర్డు మీద రాసి కూడా ఉంది. వచ్చిన ప్రతివాడికీ వంగి దండం పెట్టి, అడిగిన గంటలో ఇంటికి పంపిస్తామని చెబుతున్నారట. కట్టెలన్నీ ఒకే పొడుగు, గీత గీసి కోసినట్టు. పొయ్యి నోరు చిన్నదైతే పొయ్యే మార్చుకోవాలి కాబోలని అక్క ఎగతాళి చేసేది. ఇప్పుడు ఆ ఎగతాళి నాలుక మీదే ఆరిపోయింది. బాబాయ్ అటు చూస్తున్నాడు, సందేహం లేదు. భర్తతో చెబితే, బాగుంటే బాగున్నాయనడా అన్నాడు. ఆమె చూసిన చూపుకు అతను గొడ్డలి తీసుకుని వెనక వరసల్లోకి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి బట్టీకి రాజభోగం మొదలైంది. వెతికి వెతికి ముడి లేని కట్టెలు తీసింది, బెరడు చెక్కించింది, పైన ఒక మోపు కొసరు పెట్టింది. కన్నకూతురికి కూడా ఎవరూ అంత జాగ్రత్తగా జడ వేసి ఉండరు. బండి తిరిగొచ్చాక ఏమన్నాడని ఆత్రంగా అడిగింది. థాంక్స్ చెప్పమన్నాడు అన్నాడు భర్త. ఆ పూట అక్కకు ముద్ద దిగలేదు.

మనిషి భయపడితే తెలివి ముందు పారిపోతుంది. ఒక పొద్దున ఆమె చేసిన పని నాన్న బతికుండి చూస్తే కుర్చీలోంచి పడిపోయేవాడు. కొత్తగా దించిన, ఇంకా నీరు ఓడుతున్న దుంగలు చీల్పించి, అందులో వంకరవి, ముడులున్నవి ఏరి బట్టీకి బండి కట్టించింది. ఇవి పచ్చివి అన్నాడు భర్త. తెలుసు, పంపండి అంది. అతను బండి కదపలేదు. మన అడితి నుంచా అని అడిగాడు. అంత పొడుగు ప్రశ్న అతని నోట రావడం అరుదు. అయినా ఆమె వినలేదు. ఇంత పచ్చి కట్టె చూశాక దేవుడైనా తిట్టకుండా ఉండలేడు, బాబాయ్ ఎంత. ఆయన తిట్టుకుంటూ రాగానే ఇవ్వడానికి బంగారంలాంటి ఎండు కట్టెల బండి ఒకటి గుమ్మం దగ్గరే సిద్ధంగా పెట్టించింది. కుర్చీ తుడిచింది. ఆయన కోసం ఇంకో కుర్చీ వేసింది.

ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. బాగున్నాయన్నాడని భర్త నేల చూస్తూ చెప్పాడు. ఆ మధ్యాహ్నం అక్క కాటాకు గొలుసు బిగించి, పైట సర్దుకుని, బట్టీకి బయలుదేరింది. పోయేదేదో మొహం మీదే చెప్పి పొమ్మని అడిగేస్తానని దారంతా గొణుక్కుంది.

రొట్టెల కొట్టు ముందు గదిలో బాబాయ్ కూతురు గాజు బీరువా వెనక నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలి గదిలోంచి తెల్లటి పొగ నెమ్మదిగా జారి వచ్చి పైకప్పుకు వేలాడుతోంది. బల్ల మీద పళ్లెం నిండా రొట్టెలు, పైన పొగ మసి, విరిచి చూస్తే లోపల పచ్చి పిండి. కొన్నవాళ్లు తిరిగిచ్చి పోయినవని కూతురు చెప్పింది. అక్క చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి మిగతాది కూడా చెప్పింది. జ్వరం తగ్గింది గానీ వాళ్ల నాన్న ముక్కు తిరిగి రాలేదట. ఏ వాసనా తెలియడం లేదట. ఇన్నేళ్లూ ఆయన రొట్టెలు లోపల పెట్టి, తలుపు మూసి, బట్టీకి వీపు పెట్టి కూర్చుని, వాసన పట్టే తలుపు తీసేవాడు. ఈ మధ్య అంచనా మీద తీస్తున్నాడు, కొన్ని బాగుండేవి, కొన్ని మాడేవి, ఏదో నెట్టుకొచ్చాడు. ఈ రెండు రోజులు మాత్రం ఒక్క రొట్టె కూడా దక్కలేదు. దాంతో తన పనైపోయిందని తేల్చేసుకున్నాడు. సాయంత్రం నిప్పులు లాగేసి, బట్టీ చల్లార్చేసి, రేపు స్థలం అమ్మేస్తానని ఎవరికో మాట ఇచ్చేస్తాడట.

"ఎవరికీ చెప్పొద్దన్నారక్కా. ముఖ్యంగా నీకు. ముక్కు లేనివాడు కట్టెకు వంక పెట్టకూడదన్నారు."

అక్కకు అప్పుడర్థమైంది. ఆయన ఎటూ పోలేదు. ఏ కొత్త అడితి వంకా చూడలేదు. తిట్టే హక్కు పోయిందనుకుని తనలో తనే కుమిలిపోతున్న మనిషికి తను పచ్చి కట్టెలు పంపి బట్టీ ఆర్పించింది. నోరు మూసుకుని ఇంటికి పోతే ఎవరికీ తెలియదు, తప్పంతా ఆయన ముక్కు ఖాతాలో పడిపోతుంది. చెబితే, పచ్చి కట్టెలు కావాలని పంపిన అడితికి ఆయన రేపటి నుంచి ఎందుకు రావాలి. నిజంగానే పోతాడు, పోవడానికి ఆయనకు హక్కుంది. ఆ గుమ్మం దగ్గర ఆమె నిలబడింది కాసేపే గానీ, అంత బరువైన ఘడియ ఆ తర్వాత ఆమె జీవితంలో రాలేదు. లోపలికి వెళ్లింది.

బాబాయ్ పిండి బస్తా మీద కూర్చుని ఉన్నాడు. రొట్టెలు తోసే పొడుగు చెక్క పార ఒళ్లో అడ్డంగా ఉంది. మనిషి సగమైపోయాడు. అక్కను చూసి, ఏమ్మాయ్ ఇలా వచ్చావని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదే ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

"బాబాయ్, ఈ కట్టెలు పచ్చివి."

"నన్ను ఊరడించకమ్మాయ్. మీ అడితి కట్టె నాకు తెలీదా."

ఇక మాటలతో లాభం లేదనుకుని ఆమె కుప్పలోంచి రెండు కట్టెలు తీసింది. ఆయన చెవి దగ్గరికి వంగి ఒకదానితో ఒకటి కొట్టింది. దబ్బుమంది. ఇంకో రెండు తీసి కొట్టింది. అవీ దబ్బుమన్నాయి.

"ముక్కు పోయింది సరే. చెవులున్నాయిగా."

బాబాయ్ కట్టెలు లాక్కున్నాడు. తనే కొట్టి చూశాడు, మళ్లీ కొట్టాడు, వేళ్లతో కొస తడిమి తడి చూసుకున్నాడు. పొగ కళ్లారా చూశానని నెమ్మదిగా అన్నాడు, నిప్పు మీద కట్టె బుసకొట్టడం కూడా విన్నాడట. మరి అర్థం కాలేదా అని అడిగింది అక్క.

"అర్థమైంది. కానీ మీ నాన్న కుర్చీ ముందు నుంచి ఇలాంటి బండి ఏనాడూ బయటికి రాలేదు. కట్టె తప్పయ్యే వీల్లేదు, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నా."

ఇన్నేళ్లు చంకలో కట్టె పెట్టుకొచ్చి తిట్టిన మనిషి మనసులో ఉన్నది ఇదన్నమాట. అక్కకు దుఃఖం ఆగలేదు. కావాలనే పంపానని, ఏరి మరీ పంపానని చెప్పేసింది. ఆయన నమ్మలేనట్టు చూశాడు.

"ఏంటి, పొమ్మనలేక పొగ పెట్టావా?"

"రమ్మనలేక పెట్టాను బాబాయ్. నువ్వు తిట్టడం మానేశావు."

బాబాయ్ ఒళ్లోని పార పక్కకు తోశాడు. లేచి నిలబడ్డాడు. ఇక అందుకున్నాడు చూడండి. ఆమెను తిట్టాడు, ఆమె అడితిని తిట్టాడు, రేకుల కప్పును, కాటాను, నోరెత్తకుండా బండి తోసుకొచ్చిన మొగుణ్ని తిట్టాడు, ఇలాంటి కూతుర్ని కన్నందుకు పోయినాయన్ని కూడా వదల్లేదు. కొట్టులోంచి కూతురు కంగారుగా పరుగెత్తుకొచ్చింది. చూస్తే అక్క తలొంచుకుని, చెంపల మీద నీళ్లు కారుతుండగా, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటోంది. ఆయన ఆయాసపడి ఆగినప్పుడు, ఇంకా ఉంటే అనెయ్ బాబాయ్ అంది. ఉంది, రేపంటాను అన్నాడాయన. ఆ రేపు అన్న మాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది.

ఆ సాయంత్రం బట్టీ చల్లార్చలేదు. అడితి గుమ్మంలో సిద్ధంగా ఉన్న ఎండు కట్టెల బండి బట్టీకి వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున అక్క వెళ్లి పిండి బస్తా మీద కూర్చుంది. ఇక రొట్టె వాసన తను చూస్తానంది. కూతురు ఆ వాసనలోనే పుట్టి పెరిగింది కాబట్టి ఆమెకది వాసనగానే తెలియదు. తెలిసినా, కన్న కూతురి చేత చెప్పించుకోవడం బాబాయ్‌కి నామోషీ. అక్క చెబితే అది సాయం కిందికి రాదు, పోట్లాట కిందికి వస్తుంది. పోట్లాట ఆయనకు అలవాటే.

ఆయన నేర్పాడు. ముందు తడి పిండి వాసన వస్తుంది, దాన్ని పట్టించుకోకు. తర్వాత తడి గుడ్డ ఇస్త్రీ చేస్తున్నట్టు వస్తుంది, అప్పుడు లేచి నిలబడు. ఆ తర్వాత గింజలు వేయించిన కమ్మదనం, అక్కడ తలుపు తియ్యాలి. అది దాటితే వచ్చేది నష్టం వాసన. అక్క మొదట్లో తొందరపడి పచ్చివి తీయించింది, తర్వాత ఆలస్యం చేసి మాడ్చింది. ప్రతిసారీ ఆయన తిట్టాడు, ఆమె తిరిగి తిట్టింది. కొన్నాళ్లకు ఆమె ముక్కు కుదురుకుంది. తలుపు తెరిచినప్పుడు ఎర్రగా, ఉబ్బి, వరసగా కూర్చున్న రొట్టెల్ని చూస్తే ఆయన కళ్లలో వచ్చే వెలుగు కోసం ఆ చలిలో లేచి రావడం ఆమెకు బరువనిపించలేదు. మొదటి రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టేవాడు. వేళ్లు కాలేవి. ఇద్దరూ ఊదుకుంటూ తినేవాళ్లు.

ఆమె బట్టీలో ఉన్నంతసేపు అడితిలో కాటా దగ్గర భర్త కూర్చోవాల్సి వచ్చింది. ఎవరేం ఫిర్యాదు చేసినా అతను ఊ అనేవాడు. చెప్పినవాళ్లే చెప్పి చెప్పి విసిగి, సరేలే, నువ్విచ్చిందే ఇవ్వు అని తీసుకుపోయేవాళ్లు. ఈ పద్ధతి కూడా బాగానే ఉందే అని అక్క ఆశ్చర్యపోయింది గానీ, నాలుగు తిట్లు లేని అడితి ఆమెకు అడితిలా అనిపించేది కాదు.

కాలం ఎవరి కోసం ఆగింది. కరెంటు రంపం అడితి కొన్నాళ్లు మెరిసి, తలుపులూ కిటికీలూ అమ్మే కొట్టుగా మారిపోయింది. ఒక్కొక్క ఇంట్లో పొయ్యి ఆరిపోయి గ్యాసు వచ్చింది, వీధి మీద నీలం పొగ పలచబడింది. మోచేతి కొలతలు గుర్తున్నా వాటితో పని తగ్గింది. బట్టీ మాత్రం మండుతూనే ఉంది. పక్కన కూర్చుని కూర్చుని బాబాయ్ కూతురికీ ఆ మూడో వాసన పట్టుబడింది, పార ఆమె చేతికి వచ్చింది. బాబాయ్ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వీధిని చూస్తూ ఉండేవాడు. కాళ్లు సాయం రావడం లేదు. అక్క తెల్లవారుజామున వెళ్లాల్సిన పని లేకపోయింది, అయినా మెలకువ ఆ వేళకే వచ్చేసేది. చీకట్లో పడుకుని ఆ కమ్మటి వాసన కోసం ఊరికే గాలి పీల్చేది.

ఒక ఉదయం ఆమె కాటా గొలుసులకు నూనె రాస్తుంటే వీధిలో చేతికర్ర చప్పుడైంది. తలెత్తి చూసింది. బాబాయ్. ఒక చేత్తో కర్ర, చంకలో కట్టె. ఆ కాస్త దూరం ఆయన ఎంతసేపు నడిచాడో, మొహమంతా చెమట. అక్క కుర్చీ వెయ్యబోతే వద్దన్నాడు. నిలబడే కట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, కళ్లు మూసుకుని పాత రోజుల్లోలా గట్టిగా పీల్చాడు.

"పచ్చి వాసన కొడుతోంది. మీ నాన్నుంటే ఇలాంటిది పంపేవాడా?"

అక్క కట్టె అందుకుంది. చేతిలోకి రాగానే తెలిసిపోయింది, అడితిలో అంతకంటే ఎండిన కట్టె లేదు. కొస మీద నెర్రెలు విచ్చి, చేతికి తేలిగ్గా ఉంది. వెనక భర్త గొడ్డలి ఆపి చూస్తున్నాడు. ఆయనకు వాసన తెలియదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. కాటా పక్కనే ఇంకో కట్టె ఉంది. తీసి కొడితే టంగుమంటుంది. ఆమె దాని జోలికి పోలేదు.

"అవును బాబాయ్. పచ్చిదే. మారుస్తాను."

జన్మలో మొదటిసారి అబద్ధపు ఫిర్యాదుకు తలొంచింది. భర్తకు సైగ చేసింది. బట్టీకి కట్టి పెట్టిన మోపులన్నీ అతను ఆయన కళ్ల ముందే విప్పాడు, దులిపాడు, మళ్లీ అవే కట్టెలు మోపులుగా కట్టి బండికెక్కించాడు. బాబాయ్ కర్ర మీద వాలి అంతా ఓపిగ్గా చూశాడు. వరసల వంక చూశాడు, రేకుల కప్పు వంక చూశాడు, నున్నగా అరిగిన కుర్చీ చెయ్యి మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్లి మోపు మీద ఒకసారి తట్టాడు.

"బాగున్నాయమ్మాయ్" అన్నాడు.

చెప్పి కర్ర తిప్పుకుని మెల్లగా బయలుదేరాడు. అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ మాట చెప్పి వెళ్లేవాళ్లు వేరే చోటు చూసుకున్నట్టేనని నాన్న ఎప్పుడో చెప్పాడు.